వంతుల్లేని బల్ల

"మొదటి రౌండు నాది, అందరికీ నేనే కొంటా," అంది రేలీన్, క్లబ్బులోకి వచ్చీ రాగానే.

పచ్చిక మీద బంతులాట ముగించుకుని అందరూ అప్పుడే లోపలికొచ్చారు. కౌంటరు మీద బీరు గ్లాసులు వరసగా నిలబడ్డాయి. రేలీన్ పర్సులోంచి కొత్త కార్డు తీసింది.

"ఆమెకి వంతు లేదు," అన్నారెవరో వెనకనుంచి.

తిరిగి చూస్తే, కిటికీ పక్క బల్ల దగ్గర ఎప్పుడూ ఒంటరిగా కూర్చునే ముసలాయన, క్లెమ్. చేతిలో నిమ్మరసం.

"ఆమె నా బల్ల మనిషి. నేను ఎవరి రౌండులోనూ లేను. ఆమె కూడా లేదు."

నవ్వులు లేచాయి.

"నీ పిసినారి జబ్బు ఆవిడక్కూడా అంటించావా క్లెమ్?" అన్నాడు కోలిన్.

"జేబుకి వేయించుకున్న కుట్లు ఇకనైనా విప్పించుకోరాదూ?" అంది బెవ్.

"ఇంకా పచ్చిగానే ఉన్నాయి," అన్నాడు క్లెమ్ తాపీగా.

బెవ్ తన కార్డు డబ్బు కట్టే మెషీనుకి తాకించింది. గ్లాసులు తలా ఒకటీ తీసుకున్నారు. రేలీన్ మొహం కందిపోయింది.

మూడేళ్ల కిందట ఆమె సెలూన్ మునిగింది. దివాలా తీసింది. అప్పటినుంచీ ఈ గడప తొక్కలేదు. ఈ ఊళ్లో ఒక్కో రౌండు ఒక్కొక్కరు అందరికీ కొనాలి; ఒకరు కొనిచ్చిన బీరు తాగి తన వంతు రాకముందే లేచిపోయిన మనిషిని ఎవరూ ఏమీ అనరు. మళ్లీ పిలవరు, అంతే.

పోయిన నెలలో దివాలా గడువు తీరి, మళ్లీ అప్పు పుట్టే వీలొచ్చింది. ఏదో కంపెనీ క్రెడిట్ కార్డిస్తామంటే వెంటనే తీసుకుంది. వడ్డీ చూస్తే కళ్లు తిరిగాయి. అయినా నలుగురిలో నిలబడొచ్చు కదా అనుకుంది.

నేరుగా కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్లింది.

"నా సంగతి చెప్పడానికి మీరెవరండీ?"

"కార్డు మీద అంటించిన కాగితం కూడా ఇంకా తియ్యలేదు, అమ్మాయ్."

చూసుకుంది. నిజమే.

"అది నా ఇష్టం."

"నీ ఇష్టమే. కానీ ఆ గుంపులో కూర్చున్నాక, మన వంతు ఎప్పుడూ మన దగ్గర డబ్బు లేనప్పుడే వస్తుంది."

"కొనకపోతే పిసినారి అంటారు."

"నన్నంటారు. నా పక్కన కూర్చున్నవాళ్లని ఎందుకంటారు? ముసలాడికి తోడు కూర్చుంది, మంచిది అంటారు. పేరు కూడా ఉచితమే."

నవ్వొచ్చింది కాని, కోపంలో ఉంది కాబట్టి నవ్వకుండా వెళ్లిపోయింది.

తరవాతి శుక్రవారం మాత్రం ఆ బల్ల దగ్గరే కూర్చుంది. తన గ్లాసు తనే కొనుక్కుంది, చిల్లర లెక్కపెట్టి. ఎవరూ ఏమీ అనలేదు. అన్నవన్నీ క్లెమ్‌నే అన్నారు.

ఆయన ప్రతి వారం ఒకటే అడిగేవాడు.

"ఈ వారం ఏం కొనలేదు?"

"పెద్ద టీవీ. ఇప్పుడు పట్టుకెళ్లి, తరవాత కట్టమన్నారు."

"ఎంత పెద్దది?"

"గోడంత."

"పోనీలే. గోడంత దుమ్ము దులిపే పని తప్పింది."

ఇంకో వారం అడిగితే, "ఏమీ లేదు. కార్డు కత్తిరించేశాను," అంది రేలీన్. ఆయన నిమ్మరసం గ్లాసు కొంచెం పైకెత్తాడు.

ఎండాకాలంలో రేలీన్ బట్టలుతికే మెషీన్ పాడైంది. కొట్టువాడు కొత్తది పట్టుకెళ్లి వారానికింత కట్టుకోమన్నాడు. మొదటి వాయిదా కూడా వద్దన్నాడు. సంతకం పెట్టి వచ్చేద్దామా అని ఆ వారమంతా కొట్టుమిట్టాడింది.

"మా ఇంట్లో మెషీన్ ఊరికే పడి ఉంటుంది," అన్నాడు క్లెమ్. "వచ్చి ఉతుక్కో. సబ్బు మాత్రం నువ్వే తెచ్చుకోవాలి. పిసినారిని కదా."

ఉతుక్కుంది. శనివారాలు ఆయన పెరట్లో తన దుప్పట్లు ఆరేసేది. చలి మొదలయ్యేసరికి, ఎవరో వాడి తీసేసిన మెషీన్ ఒకటి కొనగలిగింది. మొత్తం డబ్బు చేతిలో పెట్టి మరీ. ఇంటికి తెచ్చి, ఉతికే అవసరం లేకపోయినా ఒకసారి తిప్పి చూసుకుంది.

ఆ మాట చెబుదామని శుక్రవారం క్లబ్బుకి పరుగున వచ్చింది.

కిటికీ పక్క ఎవరూ లేరు.

"నిద్రలోనే పోయాడట, రేలీన్," అంది బెవ్, ఆమె చెయ్యి పట్టుకుని.

అంత్యక్రియలయ్యాక ఎక్కడినుంచో వచ్చిన ఆయన కూతురు నరెల్, తండ్రి ఆట బంతులు క్లబ్బుకి ఇచ్చి పోదామని వచ్చింది. రేలీన్ తన డబ్బుతో ఆమెకి టీ తెచ్చిపెట్టింది.

"మీ నాన్న మంచివాడేనమ్మా," అన్నాడు కోలిన్. "కానీ ఇన్నేళ్లలో ఒక్కరికంటే ఒక్కరికి ఒక్క గ్లాసు కొనిచ్చిన పాపాన పోలేదు."

బెవ్ మోచేత్తో పొడిచింది.

నరెల్ నవ్వింది. "తెలుసండీ. మీరు పిసినారి అన్నప్పుడల్లా నాకు ఫోన్ చేసేవాడు. ఏదో పతకం వచ్చినంత సంబరంగా."

"తిట్టించుకుంటే సంబరమా?" అడిగింది రేలీన్.

నరెల్ టీ కప్పు కింద పెట్టింది.

"మా ఊళ్లో నాన్నకి బార్ ఉండేది," అంది. "దాహంతో వచ్చినవాడి దగ్గర డబ్బేంటి అని ఊరందరికీ ఊరికే పోసీ పోసీ, బారూ ఇల్లూ పోగొట్టుకుని, దివాలా తీసి మీ ఊరొచ్చాడు."