అర్థం కాకపోతే వదిలేయ్

"ఒక్క కొటేషన్ మార్కు మర్చిపోతే మొత్తం ప్రోగ్రాం తయారీ ఆపేయాలా? కాస్త సర్దుకుపోవాలమ్మా!" అన్నారు మామగారు.

"సర్దుకుపోవడానికి ఇదేమైనా కాపురమా మామయ్యా? లిఫ్టు!" అంది కోడలు.

ఆఫీసులో అందరి తలలూ వాళ్ళవైపు తిరిగాయి.

లిఫ్టులు నడిపే సాఫ్ట్‌వేర్ వాళ్ళ కంపెనీది. ప్రోగ్రాంలో ఏమేం కలపాలో ఒక ఫైల్లో వరుసలుగా రాసిస్తే, మామగారు తయారుచేసిన టూల్ చదివి కలిపిపెడుతుంది. అర్థం కాని వరుస వస్తే పల్లెత్తు మాట అనకుండా దాటేసి పోతుంది. ఆ పొద్దున పరీక్షకి పెట్టిన లిఫ్టు ఇసుక బస్తాలతో సహా వెళ్ళి పైకప్పుకి గుద్దుకుంది. బ్రేకుల వరుసలో చివరి కొటేషన్ మార్కు లేదు. టూల్ బ్రేకుల్నే వదిలేసింది.

"ఆ మార్కు పెట్టేశాంగా! అవతల లిఫ్టు ఎప్పుడు మొదలెట్టుకోవాలని ఆస్పత్రివాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు."

"ఇంకా ఎన్ని వరుసలు మింగేసిందో ఎవరికి తెలుసు? తప్పు కనబడితే ఆగిపోవాలి. లేదంటే తనిఖీ చేశానని నేను సంతకం పెట్టను."

మామగారు గంటసేపు అలిగి, చివరికి టూల్‌కి ఆ బుద్ధి నేర్పారు. "ఇదిగో, ఫైలు మొదట్లో 'కఠినం: అవును' అని రాసుకో. నీ ముచ్చట తీరుతుంది."

కోడలు గబగబా రాసి బటన్ నొక్కింది.

వేల వరుసలు. ఒక్కచోటా ఆగలేదు. స్క్రీనంతా పచ్చగా వెలిగింది.

కోడలి మొహం చిన్నబోయింది. "సారీ మామయ్యా. అనవసరంగా నోరు పారేసుకున్నాను."

"పోన్లేమ్మా!" మామగారు ముఖం చాటంత చేసుకుని, ఆమె చేత సంతకం పెట్టించి, ప్రోగ్రాం ఆస్పత్రికి పంపేశారు. వెంటనే ఫోన్. "నిశ్చింతగా ఎక్కండి డైరెక్టరుగారూ! మా కోడలు జల్లెడ పట్టింది."

టీలు తాగాక, నలుగురూ చూసి నేర్చుకుంటారని ఆమె రాసిన వరుసని గోడ మీది పెద్ద స్క్రీన్‌లో పెట్టించారు. చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"అమ్మాయ్... 'కఠినం' పక్కన రెండు చుక్కలేవీ?"

కోడలు స్క్రీన్ దగ్గరికి పరుగెత్తింది. టూల్ ఆ వరుసనీ వదిలేసింది. ఇంతసేపూ ఎవరూ దేన్నీ తనిఖీ చెయ్యనేలేదు.

మామగారు ఆస్పత్రికి ఫోన్ కలిపారు. "డైరెక్టరుగారికివ్వమ్మా, అర్జెంటు!"

"ఆయన లిఫ్టులో ఉన్నారండీ," అంది రిసెప్షనిస్టు, "ఇరవై నిమిషాల్నుంచీ."