ఉల్టా చూడీ

బాలమణి డ్యూటీకి వెళ్లే సైకిల్‌కు పెడళ్ల ఇరుసును పట్టి ఉంచే కప్పు అరిగిపోయింది. కొత్తది కొనిచ్చి మూడు రోజులైనా ఉప్పల్ చౌరస్తా మెకానిక్ గండయ్యది ఒకటే మాట.

"ఇది నీ బండికి ఎక్కుతలేదు చెల్లె. చూడీలు వేరున్నయి."

నాచారం బోల్టుల ఫ్యాక్టరీలో రోజంతా మరల మీది చూడీలు, అంటే మెలిక గాట్లు, పరీక్షించడమే బాలమణి పని. "జర నా ముంగట బిగియ్యన్నా," అంది.

గండయ్య కప్పును చైనువైపు పెట్టి కుడికి తిప్పాడు. ఊడి చేతిలోకొచ్చింది. మళ్లీ కుడికే తిప్పాడు.

బాలమణి దాన్ని లాక్కుని ఎడమకు తిప్పింది. కప్పు చివరిదాకా సాఫీగా ఎక్కింది.

"చైను దిక్కు ఉల్టా చూడీ ఉంటది. ఇరవై ఏండ్ల సంది ఇదే పని జేస్తున్నవ్, నీకెర్క లేదా?"

గండయ్య తల దించుకున్నాడు.

"ఎర్కే చెల్లె. ఎన్నిసార్లొచ్చినా ఎక్కుతలేదనే చెప్పుమని మీ ఆయన జెప్పిండు. నువ్వు డ్యూటీ బంద్ జెయ్యాల్నట."

బాలమణి చేయి కప్పు మీదే ఆగిపోయింది.

నిన్న ఆమె భర్త తమ గది తలుపుకు లోపలున్న గడియ ఊడదీసి బయటివైపు బిగించాడు. ఉల్టా పెట్టినవేందని ఆమె పగలబడి నవ్వింది.