వంకర తలుపు బీరువా

"అమ్మా, మీరడిగినట్టే అద్దాల బీరువా వచ్చింది. త్వరగా వస్తే మీకే," అన్నాడు పాత సామాన్ల కొట్టాయన ఫోన్‌లో.

ఆమె మంచం మీంచి ఒక్క దూకు దూకింది.

కొత్త కాపురం. ఇంట్లో సామానంటే ఆ మంచమొక్కటే. పెళ్లికొచ్చిన గాజు గ్లాసులన్నీ ఇంకా అట్టపెట్టెల్లోనే ఊపిరాడక పడున్నాయి.

భర్త సగం గడ్డం గీసుకుని బయటికొచ్చాడు.

"మిగతా సగం?"

"వచ్చాక. త్వరగా అన్నది నువ్వే కదా."

ఆమె హాల్లో ఖాళీ గోడని చున్నీతో కొలిచి, కొలత ముగిసిన చోట ముడి వేసుకుంది.

దారంతా పాఠం చెప్పింది.

"నచ్చినట్టు కనపడకు. బేరం దగ్గర నచ్చిన వస్తువుని పక్కింటి పిల్లాణ్ణి చూసినట్టు చూడాలట, మా అమ్మ చెప్పింది. ముద్దొచ్చినా ఎత్తుకోకూడదు."

"మరి నన్ను మొదటిసారి చూసినప్పుడు?"

"అలాగే చూశాను. అందుకే చవగ్గా దొరికావు."

కొట్టు నిండా కూల్చేసిన ఇళ్ల కిటికీలు, కాళ్లు పైకెత్తిన కుర్చీలు, తిరగడం మానేసిన ఫ్యాన్లు. వాటి మధ్యలో బీరువా.

తేనె రంగు చెక్క. అద్దాల చుట్టూ చెక్కిన సన్నని తీగ. కుడి తలుపు మాత్రం కాస్త వంకర.

ఆమె గుండె గంతులేసింది. మొహం మాత్రం పక్కింటి పిల్లాడి దగ్గరే ఉంచింది.

అప్పుడు కనిపించాడు, మూల కుర్చీలో ఒక పెద్దాయన. ఒళ్లో గుడ్డ సంచి. కొట్లో ఇన్ని వస్తువులుండగా ఆయన చూపంతా వీళ్ల మీదే.

"గోతికాడ నక్కలా కూర్చున్నాడు చూడు," గొణిగింది.

"ఎవరు?"

"అటు తిరక్కు. ఆయనా బీరువా కోసమే వచ్చాడు. మనం ఎంతకడుగుతామో విని, ఒక మెట్టు పైన పాడదామని."

ఏమీ ఎరగనట్టు చున్నీని బీరువా మీద పరిచింది. ముడి సరిగ్గా అంచు మీదికొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

పెద్దాయన లేచి దగ్గరికొచ్చాడు.

"కొలుస్తున్నావా అమ్మా?"

"దుమ్ము దులుపుతున్నానండీ."

ఆయన చిన్నగా నవ్వి, వంకర తలుపుని కొంచెం పైకి లేపి నొక్కాడు. టక్కుమని పట్టేసింది.

"నువ్వన్నది నిజమే," అన్నాడు భర్త ఆమె చెవిలో. "ముందే వచ్చి అన్నీ పరీక్ష చేసుకున్నాడు."

"తీసుకుంటే దీన్ని ఏం చేస్తారు బాబూ?" అడిగాడు పెద్దాయన.

భర్త నోరు తెరిచాడు. ఆమె అతని కాలు తొక్కింది.

"ఏముందండీ, విప్పేసి ఓ బల్ల చేయించుకుంటాం. అదీ చెక్క బాగుంటే," అంది.

"అద్దాలు?"

"పారేస్తాం."

"ఈ తీగ?"

"చిత్రిక పడితే పోతుందిగా."

పెద్దాయన చెయ్యి తలుపు మీదే కాసేపు ఉండిపోయింది.

"పెద్ద బల్లేనా?"

"ఇద్దరికి సరిపోతే చాలండీ," అంది, ఇంకేం తోచక.

ఆయన తలూపాడు. కొట్టాయన్ని పక్కకి తీసుకెళ్లి ఏదో చెప్పాడు. కొట్టాయన మొహం వాడిపోయింది.

"అమ్మా, ఇవాళ కుదరదు. రేపు రండి."

"ఫోన్ చేసి మరీ పిలిచారు కదా?"

"రేపు రండమ్మా."

ఇంటికొచ్చి భర్త మిగతా సగం గడ్డం గీసుకున్నాడు. ఆమె ఖాళీ గోడకెదురుగా చతికిలపడింది.

"నక్కే గెలిచింది," అంది.

"పోనీలే. ఆయనకీ ఏదో ఒక ఖాళీ గోడ ఉండుంటుంది."

కిటికీలో గాజు పిడి వేలాడుతోంది. కిందటి వారం ఆ కొట్లోనే కొంది. అది ఏ తలుపు పిడో ఏమో, వీళ్లింట్లో దానికి సరిపోయే తలుపే లేదు. సాయంత్రం ఎండ తగిలితే గోడంతా రంగులు పడతాయని దారం కట్టి వేలాడదీసింది. ఇప్పుడా రంగులన్నీ సరిగ్గా బీరువా ఉండాల్సిన చోటే ఆడుతున్నాయి.

ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"నిజం చెప్పండి. ఆ పెద్దాయనకి అమ్మేశారు కదూ?"

"ఆయనకి అమ్మడమేంటమ్మా? అది ఆయనదే," అన్నాడు కొట్టాయన.

ఆమె స్పీకర్ నొక్కింది. భర్త తువ్వాలుతోనే దగ్గరికొచ్చాడు.

"పెళ్లైన కొత్తలో వాళ్లావిడ కోసం తన చేతుల్తో చేశారట. వడ్రంగం రాదు. జన్మలో చేసింది అదొక్కటే, అందుకే తలుపు వంకర. ఇప్పుడు ఆవిడ లేరు. ఆయన ఒంటి గదికి మారిపోతున్నారు, అందులో ఇది పట్టదు."

"ఆ ముక్క మాకు చెప్పొచ్చుగా?"

"చెప్పొద్దన్నారు. చెబితే అందరూ తియ్యగానే మాట్లాడతారట. కిందటి వారం మీరా గాజు పిడిని ఎండలో తిప్పుకుంటూ మురిసిపోతుంటే ఆయన ఇక్కడే ఉన్నారమ్మా. మీకు ఫోన్ చేయించింది ఆయనే."

ఆమె చున్నీ ముడిని గుప్పిట్లో పట్టుకుంది.

"అయితే ఇక మాకివ్వనన్నారా?"



"ఇవ్వనని అన్లేదమ్మా. 'ఇద్దరికి సరిపోయే బల్ల కావాలంది పిల్ల, అదే చేసిద్దాం' అని, రేపు పొద్దున్నే రంపం తెచ్చుకుని వస్తానన్నారు."