ఒప్పుకున్నట్టే

"మూడుసార్లు అడిగా. నోరు తెరిచి వద్దనలా. ఒప్పుకున్నట్టే," అన్నాడు వీరాంజనేయులు. ఊరి తగాదాల్లో ఆయన తీర్పు చెప్పే పద్ధతి అదే. భార్య పేరున ఉన్న మూడెకరాలను సున్నపురాయి క్వారీకి లీజుకివ్వడం గురించి పొద్దుటినుంచీ ఇంట్లో ఇదే గొడవ.

"అమ్మ తల అడ్డంగా ఊపింది గదా నానా," అంది కూతురు హైమ.

"అది అలక. రెండేళ్లబట్టి ఈ మూగనోము చూస్తానే ఉన్నా."

హైమ నరసరావుపేటలో తీయించిన అమ్మ మెదడు స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టింది. "మాట పలికించే చోటంట ఇది, కుంచించుకుపోతా ఉంది. అమ్మకి అన్నీ అర్థమవుతన్నాయి. పలకటమే చేతకావట్లా. రాయగలదన్నాడు డాక్టరు."

ఇంట్లో తన మాటకిప్పుడు ఎదురే లేదని రెండేళ్లుగా ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి, ఆ ఫిల్మును చానాసేపు చూశాడు. తర్వాత లీజు కాగితమూ పెన్నూ భార్య ముందు పెట్టాడు.

"ఇద్దామా, అనసూయా?"

సంతకం పెట్టాల్సిన చోట ఆమె నిదానంగా రాసింది: 'మా నాన్న బావి తవ్విన చేను. ఇవ్వను.'

వీరాంజనేయులు వరండాలోకొచ్చి కొడుకుల్నీ కోడళ్లనీ పిలిచాడు.

"చేను ఇవ్వట్లేదు," అన్నాడు మెల్లిగా. "మీ అమ్మ వద్దంది."