నోరు కదిలితే

పక్కన కూర్చున్న ముసలమ్మ నాలుక బయటపెట్టి చటుక్కున లోపలికి లాక్కుంది. మరుక్షణం మళ్ళీ పెట్టింది.

వెక్కిరిస్తోందనుకుని తాయారు బల్ల చివరికి జరిగింది.

1981. సీతమ్మధారలో మానసిక వైద్యుడు అచ్యుతరామయ్యగారి క్లినిక్.

తాయారు భర్త అర్జునరావు పోర్టులో కలాసీ. ఎవరో చంపడానికి వస్తున్నారంటూ క్రేను ఎక్కి కూర్చున్న మనిషి, నెలనెలా ఇంజక్షను మొదలెట్టాక మళ్ళీ డ్యూటీకి వెళ్తున్నాడు. ఇప్పుడు లోపల సూది వేయించుకుంటున్నాడు.

"సూది మీ ఆయనకేటమ్మా?" అంది ముసలమ్మ. మాటల మధ్య ఆమె పెదాలు దేన్నో చప్పరిస్తున్నట్టు కదులుతున్నాయి.

తాయారు ముఖం తిప్పుకుంది.

"మందు మాన్పించకు. మంచి మందే. కానీ ఏడాదికో రెండేళ్ళకో నోరిలాగ కదిలితే, ఆ రోజే వొచ్చి డాక్టరుబాబుకి సెప్పు. నాకు కదిలినప్పుడు నాను సెప్పనేదు."

తాయారు లేచి ఆయా నూకాలు దగ్గరికి వెళ్ళింది.

"ఈ పిచ్చిదాన్ని మా పక్కన కూకోబెట్టినారేటి? అపశకునం మాటలాడతంది."

నూకాలు ముసలమ్మ వైపు తిరిగింది. "పోతమ్మా, ఈయాల్టికి ఎల్లిపో."

పోతమ్మ లేచింది. చెంగుతో నోరు మూసుకుని మెట్లు దిగిపోయింది.

అర్జునరావు కుదుటపడ్డాక తాయారు సీతమ్మధార రావడం మానేసింది. పాత చీటీ చూపించి కంచరపాలెంలో కాంపౌండరు చేతే ఇంజక్షను వేయించేది.

రెండేళ్ళకి అర్జునరావు పెదాలు నమలసాగాడు.

"మళ్ళీ ఖైనీ మొదలెట్టినావా?"

"నేదే. నోరే కదుల్తంది."

ఆమె నమ్మలేదు. జేబులు వెతికింది. పిల్లల ముందే నోరు తెరిపించి చూసింది. ఏమీ కనబడలేదు. అయినా ఏడాది పొడుగునా తిడుతూనే ఉంది.

నాలుక దానంతట అదే బయటికి రావడం మొదలైంది. తోటి కలాసీలు అతని పక్కన కూర్చుని అన్నం తినడం మానేశారు. అప్పుడు తీసుకొచ్చింది డాక్టరు దగ్గరికి.

ఆయన అర్జునరావు నోటిని చాలాసేపు చూశాడు.

"మెదడులో డోపమిన్ అని ఒకటుంటుందమ్మా. లేని శత్రువులు కనబడింది దాని జోరువల్లే. మందు దాన్ని అడ్డుకుంటుంది. ఏళ్ళ తరబడి అడ్డుకుంటే మెదడు ఊరుకోదు, కాస్త డోపమిన్‌కే ఎక్కువ ఉలిక్కిపడుతుంది. ఈ కదలిక అదే. మొదట్లోనే వచ్చి ఉంటే మోతాదు తగ్గించేవాణ్ణి. తగ్గే అవకాశం ఉండేది."

"ఇప్పుడో బాబూ?"

"ఇప్పుడూ తగ్గించి చూస్తాను. పూర్తిగా మానేస్తే పాత జబ్బు తిరగబెడుతుంది. నోటి సంగతి మాత్రం... ఎక్కువ ఆశ పెట్టుకోకు."

తాయారు బయటికొచ్చింది. బల్ల ఖాళీగా ఉంది.

"ఆ పోతమ్మ ఎప్పుడొస్తాది?" అని నూకాల్ని అడిగింది.

"పోయినేడాది సచ్చిపోనాది. నువ్వు ఎల్లగొట్టించినాక ఈ బల్ల మీద కూకోనేదు. గేటు బయటే నిలబడేది."

తాయారు గొంతు తగ్గింది. "జబ్బు ముదిరిపోనాదేటి?"

"జబ్బేటి తల్లీ, పిచ్చి నయమైపోయి, సూదులాపేసి అప్పటికే ఎనిమిదేళ్ళయింది, కొత్తగా వొచ్చినోళ్ళకి ఆ ఒక్క మాట సెప్పడానికే జాలారిపేట నుంచి పెతీ గురువారం నడిసొచ్చేది."