గళ్ళు గళ్ళుగా వచ్చే ఇల్లు

"దాని మీద చెయ్యి వేశారంటే ఊరుకోను," అంది ఆమె, కంప్యూటర్ డబ్బాకి అడ్డంగా నిలబడి.

స్క్రూడ్రైవర్ పట్టుకున్న మెకానిక్ ఆమె భర్త వైపు చూశాడు. భర్త ఆమె ముందుకొచ్చి బతిమాలాడు.

"పాతదానితో ఇక వేగలేనే. ఇంకా ఎంతసేపు, ఇంకా ఎంతసేపు అని బిల్డరు ప్రాణం తోడేస్తున్నాడు. ఈసారీ ఆలస్యమైతే పని ఇంకొకడికి ఇచ్చేస్తానన్నాడు. అది కాస్తా పోతే ఇద్దరం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి."

ఇంకా కట్టని ఇళ్ళకు బొమ్మలు చేయడం అతని పని. గోడలు, కిటికీలు, నేల మీద పడే ఎండ అన్నీ తనే గీసి, చివర్న ఒక బటన్ నొక్కుతాడు. అక్కణ్ణుంచి కంప్యూటర్ ఆ గీతల్ని అచ్చం ఫోటోలా మారుస్తుంది, నల్లటి తెర మీద ఒక్కో గడీ నింపుకుంటూ. పాత డబ్బాది తాబేలు నడక. ఒక ఇల్లు పూర్తవడానికి ఒక పూట పట్టేది. ఆ పూటంతా దాన్ని ముట్టుకోవడానికి లేదు కాబట్టి అతను కుర్చీలోంచి లేచి, భార్య పక్కన చాప మీద వాలిపోయేవాడు. ఇద్దరూ తెర వైపు తిరిగి పడుకుని, ఆ ఇంట్లోకి కాపురం మార్చేసేవాళ్ళు.

"ఈ కిటికీ కింద నా కుర్చీ," అనేది ఆమె. "ఆ మూల మీ పుస్తకాలు. మరి వంటిల్లు ఎటు వస్తుంది, ఇటా, అటా? పందెం!"

గీసినవాడు కనక ఎటు వస్తుందో అతనికి తెలుసు. తెలిసీ తప్పు చెప్పి ఓడిపోవడం అతనికి మహా ఇష్టం. ఉండేది రెండు ఇరుకు గదులు. పక్కింటి కుక్కర్ కూత వేస్తే వీళ్ళ గోడ అదిరేది. అయినా ఆ పూటకి అంత పెద్ద ఇల్లున్నవాళ్ళు ఆ వీధి మొత్తం మీద లేరు.

"కొత్తది పెడితే క్షణంలో అయిపోతుందా?" అని మెకానిక్‌ని అడిగింది ఆమె.

"అయిపోతుంది చెల్లెమ్మా," అన్నాడాయన. మీసం నెరిసిన మనిషి. గుమ్మం తొక్కి కాసేపైందో లేదో వరసలు కలిపేశాడు. "పాతదాంట్లో రెండే కోర్లు. అంటే పనిచేసేవాళ్ళు ఇద్దరే అనుకో. దీంట్లో పదహారు. తలా ఒక చెయ్యి వేస్తే ఎంతసేపమ్మా? మా బావగారి కష్టం తీరుతుంది."

భర్త కష్టం అనేసరికి ఆమె పక్కకి తప్పుకుంది.

మెకానిక్ పాత బోర్డు ఊడదీసి కొత్తది బిగించాడు. ఆ పదహారు కోర్లున్న ప్రాసెసర్‌ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి, దాని చోట్లో కూర్చోబెట్టాడు. అంతా అయ్యాక భర్త బటన్ నొక్కాడు. ఆమె అలవాటు కొద్దీ చాప అందుకుంది. చాప విప్పుతుండగానే ఇల్లు మొత్తం వచ్చేసింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందే!" అన్నాడు అతను సంబరంగా.

ఆమె చాప మళ్ళీ చుట్టి, మూలకి చేర్చి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పని జోరందుకుంది. బిల్డరు నోట మెచ్చుకోలు మాటలు కూడా వచ్చాయి. కానీ ఇళ్ళు ఇలా వచ్చి అలా పోతున్నాయి. ఏ ఇంట్లోనూ ఆమె కుర్చీ వేసుకోలేదు. అతనికి బెంగ పట్టుకుంది. పని నిలబెట్టుకుని మనిషిని దూరం చేసుకుంటున్నానా అనిపించింది.

ఒకరోజు మధ్యాహ్నం ఏటి ఒడ్డు పెద్ద ఇల్లొకటి పూర్తిచేసి బిల్డరుకి పంపేశాడు. కొత్తదానికి కూడా అది పావుగంట పట్టింది. తర్వాత దొంగలా సెట్టింగుల్లో దూరి, నాలుగు కోర్లు ఉంచి మిగతావన్నీ ఆపేశాడు. అదే ఇంటిని మళ్ళీ మొదటినుంచీ రప్పిస్తే గంట పడుతుంది. గంటైనా చాలనుకున్నాడు. బయటికెళ్ళి పాల ప్యాకెట్ తెచ్చి, ఏమీ ఎరగనట్టు బటన్ నొక్కాడు.

"ఇది మరీ పెద్ద ఇల్లే. కొత్తదానికీ లొంగడం లేదు. కాసేపు వచ్చి కూర్చోరాదూ?"

"అయ్యో పాపం," అంటూ ఆమె చాప తెచ్చింది.

మొదటి గడి నీలంగా వచ్చింది. ఆకాశమన్నాడు అతను. కాదు, నీళ్ళంది ఆమె. నీళ్ళలోకి మెట్లుంటాయంది, సాయంత్రాలు కాళ్ళు తడుపుకుంటూ కూర్చుందామంది. ఫ్యాను సన్నగా ఏటి హోరులా మోగుతోంది. మాటలు నెమ్మదించాయి, కిటికీలో ఎండ పల్చబడింది, ఆమె తల అతని భుజం మీదికి వాలింది. నిద్రో మెలకువో తెలియని ఆ మత్తులో, నిజంగానే అరికాళ్ళకి చల్లటి నీళ్ళు తగిలినట్టయింది అతనికి. ఎన్నాళ్ళకి మళ్ళీ ఈ హాయి అనుకున్నాడు.

అనుకుంటూ కళ్ళు తెరిస్తే పొద్దు వాలిపోయింది. తెర మీద ఇంకా పైకప్పు దగ్గరే ఉంది ఇల్లు.

మరునాటికి ఇంకో బొమ్మ ఇవ్వాలి. కొత్తది అప్పుడే పాడైతే పని ఊడినట్టే. నిద్రపోతున్న ఆమె తల కింద మెల్లిగా దిండు సర్ది, బాల్కనీలోకి పోయి మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

"ఏమిటయ్యా నువ్వు పెట్టింది? గంటలో అవ్వాల్సింది సాయంత్రమైనా అవలేదు. మిషన్ మూలపడ్డట్టుంది, నా కొంప మునిగేలా ఉంది!"

అవతల మెకానిక్ గొంతు బాగా తగ్గింది.

"మిషన్‌కేం కాలేదు బావగారూ. మీరు పాలకి వెళ్ళగానే చెల్లెమ్మ ఫోన్ చేసి, 'అన్నయ్యా, తలుపు చాటునుంచి చూశాను, ఆయన నాలుగు కోర్లు ఉంచారు, ఇట్టే అయిపోతుంది, ఒక్కటే ఉంచాలంటే ఎక్కడ నొక్కాలి' అని అడిగింది."