ఏడో నంబరు సాంచా నాడె

ఆ పొద్దు కనకయ్య షిఫ్టుకు కాస్త ముందే వచ్చి, చూడరానిది చూశాడు.

సూరత్‌ నగరం ఉధ్నాలోని ఆ కార్ఖానాలో ఏడో నంబరు సాంచా, అంటే కరెంటు మగ్గం, పగలు కనకయ్యది, రాత్రి రాజలింగానిది. మనుషులిద్దరు, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె ఒక్కటే.

రాజలింగం సీసాలోంచి ఏవో నీళ్లు గుడ్డ మీద వంచి, ఆ నాడె కన్నును రుద్దుతున్నాడు.

నాడెలో నూలు చుట్టిన కండె మార్చినప్పుడల్లా ఆ కంటి రంధ్రానికి నోరు పెట్టి పోగును బయటికి పీల్చాలి. రోజుకు వందసార్లు పెదవులు తగిలే చోటది.

"ఏందది?"

"ఏం లేదన్నా." సీసా జేబులోకి పోయింది. "బిడ్డ మంచిగున్నదా?"

ఇదొకటి. పనిలో చేరి ఇరవై రోజులు కాలేదు, రోజూ ఇదే అడుగుడు. తన ఆర్నెల్ల పసిదానితో వీడికేం పని?

మనిషి తీరే వేరు. మూతికి తువ్వాల చుట్టుకుంటాడు. పోగును తీగ కొక్కెంతో లాగుతాడు. కనకయ్యకూ ఒక కొక్కెం వంచి ఇస్తే, నోరుండగా ఇదెందుకని అవతల పారేశాడు. రాజలింగం కిటికీ తెరవడం, గాలికి పోగు తెగుతుందని అందరూ తిట్టి మూయడం రోజూ ఉన్నదే.

ప్లేగు భయం పోయి రెండేళ్లయినా, దగ్గు వింటే సూరత్ ఇంకా ఉలిక్కిపడుతూనే ఉంది. ఆ వానల్లో కార్ఖానాలో జొరాలు దిగాయి. బిక్షపతి పడ్డాడు, సోమలింగం పడ్డాడు. రాజలింగం మాత్రం రాయిలా ఉన్నాడు.

పని చూసే ముకద్దం రఘుపతి దగ్గరకు పోయాడు కనకయ్య.

"అందరికీ వచ్చిన జొరం వానికెందుకు రాలే? నాడెకు మందు పెడుతున్నడన్నా. నా కండ్లతోని చూసిన."

తనకూ రాలేదన్న సంగతి అతనికి తట్టలేదు.

రాజలింగాన్ని ఆ పూటే పొమ్మన్నారు. అతను సీసాను సాంచా పక్కన పెట్టి పోయాడు. కనకయ్య దాన్ని కాలితో మూలకు నెట్టాడు.

రాత్రి షిఫ్టుకు ఆగయ్య వచ్చాడు. తువ్వాల లేదు, కొక్కెం లేదు. దగ్గుతూనే నలుగురినీ నవ్వించే మనిషి. కనకయ్య గుండె నిమ్మళించింది.

వారం తిరక్కుండా కనకయ్య దగ్గాడు. మూడోనాటికి బిడ్డ డొక్కలెగరేసింది.

ఆసుపత్రిలో డాక్టరు అన్నీ అడిగి తెలుసుకుంది. ఏం పని, నాడెకు ఎవరెవరు నోరు పెడతారు, కిటికీలుంటాయా అని. దగ్గేవాడు నోరు పెట్టినచోటే నోరు పెట్టి, వాడు దగ్గిన గాలే మూసిన గదిలో పీల్చి, ఇంటికి పోయి బిడ్డను ముద్దాడావన్నది.

ఎల్లవ్వ మొగుని దిక్కు చూసి, చూపు తిప్పుకున్నది.

ఆసుపత్రిలో చేరిన పదకొండో రోజున బిడ్డ మళ్లీ పాలు తాగింది.

కనకయ్య తిన్నగా కార్ఖానాకు పోయాడు. మూలన పడ్డ సీసా మూత తీసి వాసన చూశాడు. వట్టి సబ్బునీళ్లు.

"రఘుపతన్నా, రాజలింగం యాడున్నడు? బిడ్డ మంచిగున్నదని చెప్పాలె."

"ఎటు పోయిండో ఎరుక లేదు." అన్నాడు రఘుపతి. "మొన్న వాని ఊరాయన చెప్పిండు కనకయ్యా. మునుపు బివండీల సాంచా మీద దగ్గు అంటుకొని, ఆ దగ్గుతోనే ఇంటికొచ్చి ముద్దాడితే, వాని ఆర్నెల్ల బిడ్డ వాని చేతులల్లనే పోయిందట."